నూకాలు తిప్పిన బుట్ట

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, ఆ గవర్రాజుకి ఒక ఊరంటూ లేదురా కన్నా. సంత ఎక్కడుంటే అదే అతని ఊరు. నవ్వుపాటలు కట్టి పాడేవాడు. వెంట పెళ్ళాం నూకాలు, ఆవిడ చంకలో ఒక వెదురుబుట్ట.

నూకాలు ఆ బుట్టని జనం మధ్య తిప్పేది. ఎవరికి తోచింది వాళ్ళు వేసేవారు. ఒకరు పుచ్చు వంకాయ, ఒకరు తెగిన చెప్పు, ఇంకొకరు పళ్ళూడిన దువ్వెన. అప్పుడు నూకాలు అందులోంచి మూడు వస్తువులు ఒక్కోటిగా తీసి అందించేది. ఏది అందిస్తే దానిమీద గవర్రాజు అప్పటికప్పుడు పాట కట్టాలి. మొదటి రెండు పాటలూ ఓ మాదిరిగా ఉండేవి. మూడోదానికి మాత్రం జనం కడుపు పట్టుకుని నవ్వేవారు.

మూడో పాటకి సరస్వతమ్మ వచ్చి నా నాలుక మీద కూర్చుంటుందని గవర్రాజు గొప్పలు పోయేవాడు. నూకాలు వింటూ బుట్ట దులుపుకునేది.

ఒకసారి మాత్రం నోరు తెరిచి, నా పేరు కూడా ఒక పాటలో పెట్టవా అని అడిగింది.

"బుట్ట తిప్పేదాని మీద పాటేమిటే, ఎవరు నవ్వుతారు?" అన్నాడు.

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ వాణ్ణి రెండు అంటించాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక వానాకాలం నూకాలుకి జ్వరం వచ్చింది. మూడు రోజులు మూసిన కన్ను తెరవలేదు. నాలుగో రోజు పోయింది.

గవర్రాజుకి పాట తప్ప వేరే పని రాదు. దినాలయ్యాక తనే బుట్ట పట్టుకుని సంతకి వెళ్ళాడు. మూడు పాటలు పాడాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాతి సంతలో మూడో పాట సగంలోనే ఆగిపోయింది. జనం లేచి వెళ్ళిపోయారు. ఇక నా నోట పాట రాదు, బుట్ట ఎవరికైనా ఇచ్చేద్దామనుకుని దాంతోపాటు నూకాలు భుజాన తగిలించుకునే గుడ్డసంచి కూడా దులిపాడు. అందులోంచి ఒక గులకరాయి పడింది. గుండ్రంగా, నున్నగా, బోడిగుండులా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరం రావడానికి ముందు రోజు ఏటిగట్టు మీద నడుస్తూ, ఎవరో మామగారి బట్టతల మీద కూనిరాగం తీశాడు. వెనకాల నూకాలు వంగింది. కాల్లో ముల్లు కాబోలనుకుని నడిచిపోయాడు.

అన్నేళ్ళూ అలాగే ఏరింది, పిచ్చితల్లి. దారిలో అతను దేనిమీద పాడుకుంటే దానికి తగ్గది ఏరి, బుట్టలో కలిపి, చివర్న అందించేది. అప్పటికే నోట్లో నానిన పాట కాబట్టే అది అంత పండేది. మూడో పాటంతా నూకాలు చలవే. గవర్రాజు ఆ రాయి తుడిచి రొంటిన దోపుకున్నాడు.

ఆ తర్వాత మూడో సంతకి వెళ్ళాడు. జనం వేసినవాటిలో ఆ రాయి కూడా వేశాడు. చివర్న దాన్నే తీశాడు.

"మామ గుండు నున్నగ
గోరువంక వాలగ
కాలు జారి పడిందోయ్
కందిపప్పులో మునిగిందోయ్"

సంతంతా గొల్లుమంది. అప్పుడు గవర్రాజు ఇంకో రెండు ముక్కలు కలిపాడు.

"గుండురాయి ఏరింది నూకాలు
పాట నాకు పోసింది నూకాలు"

పాడుతుంటే కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అదీ ఆటలో భాగమే అనుకుని జనం ఇంకా నవ్వారు. ఎవరూ నవ్వరన్నాడు కదా, ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు. వినాల్సిన మనిషే లేదు.

ఒక ముసలావిడ మాత్రం నవ్వు ఆపి, నూకాలు ఎవరయ్యా అని అడిగింది.

"బుట్ట తిప్పే మనిషి తల్లీ," అన్నాడు.

కథ నడిచె కంచికి,
బుట్ట నడిచె సంతకి,
కన్నీళ్ళు నా కొంగుకి,
కన్నయ్య ఇక నిద్దరకి.