సూరమ్మ మేజోళ్ళు

మోదుగుల అడవిలో అందరూ తాగేది కొండవాగు నీళ్ళే. ఆ వాగేమో ఎండాకాలం సగంలోనే చేతులెత్తేస్తుంది. అక్కణ్ణుంచి వానలు పడేదాకా కొండమీది మడుగొక్కటే దిక్కు. అంత ముఖ్యమైన మడుగు కదా అని సింహం దానికో మంత్రిని పెట్టింది. ఎవర్ని పెట్టిందనుకున్నారు? నక్కని! ఇంక నేనేం చెప్పను!

ఆ నక్క పేరు కనకలింగం. పదవిలోకి రాగానే "నీళ్ళు ఎవరూ పాడుచెయ్యకూడదు" అంటూ మడుగు చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. కంచె వెనకాల గట్టుకి గండి కొట్టి, అత్తారి పుచ్చతోటకి కాలవ తీశాడు. ఇటు మడుగు తగ్గుతోంది, అటు పుచ్చకాయలు గుండ్రంగా ఊరుతున్నాయి.

మరి ఎవరూ అడగలేదా అంటే, అడగడానికి తీరికేదీ? అడవిలో కబుర్లు చెప్పేది గోరింక రత్తాలు. రోజూ పొద్దున్నే నక్క దాని చెవిలో ఏదో ఊదేవాడు. అది పుట్ట మీదకెక్కి గొంతు చించుకునేది.

"తాజా కబురు! రాజుగారు నిద్ర లేస్తూనే రెండుసార్లు ఆవులించారు! రెండోది మొదటిదానికన్నా పెద్దది! దీని భావమేమిటి? తొండగారూ, మీరేమంటారు?"

తొండ తల ఊపేది. తొండ దేనికైనా తల ఊపుతుంది, అందుకే రోజూ దాన్నే పిలిచేవారు. ఇక కుందేళ్ళు ఒక జట్టు, కోతులు ఒక జట్టు. సాయంత్రం దాకా ఆవులింత మీద కొట్టుకునేవారు.

ఈ గోలలో పడనిది గేదె సూరమ్మ ఒక్కతే. ఎప్పుడో ఊళ్ళోంచి తప్పించుకొచ్చి ఈ అడవిలో స్థిరపడిన మనిషి, అదే, గేదె. దాని తోలుకి ముళ్ళకంచె ఒక లెక్కా? ఒళ్ళు చల్లబరచుకోడానికి రోజూ కంచె తోసుకుని మడుగులో దిగేది. అందుకే అసలు సంగతి దానికొక్కదానికే తెలుసు. వాగు ఎండడానికి ఇంక వారం కూడా లేదు. ఏనుగు భీమక్కకి పాలు మరవని పిల్ల ఉంది, జింకల్లో సగం చూలుతో ఉన్నాయి. వీళ్ళంతా ఏం తాగి బతుకుతారు? సూరమ్మ తిన్నగా పుట్ట దగ్గరికి వెళ్ళింది.

"రత్తాలూ, మడుగు అడుగంటుతోందే. ఎవరో గండి కొట్టారు. నలుగురికీ చెప్పు తల్లీ."

"నీళ్ళు తగ్గాయంటే ఎవరు వింటారు పిన్నీ! నిన్న రాజుగారి మీసం కదిలింది. జనమంతా దాని మీదే ఉన్నారు."

"నీకు రెక్కలున్నాయి కదే! ఓసారి ఎగిరి చూసి రారాదూ?"

"అమ్మో! నేనలా వెళ్ళాక మీసం మళ్ళీ కదిలితేనో?"

సూరమ్మకి ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి విసవిసా నాలుగడుగులు వేసింది. వెనకనుంచి రత్తాలు కిసుక్కున నవ్వింది.

"ఆగాగు పిన్నీ! ఆ కాళ్ళేంటి? బడిపిల్లల్లాగా మేజోళ్ళు తొడుక్కున్నావా?"

సూరమ్మ కిందికి చూసుకుంది. నాలుగు కాళ్ళకీ మోకాళ్ళ కిందిదాకా తెల్లగా ఎండిన బురద, గీత గీసినట్టు. కోపమంతా ఎగిరిపోయి, దాని మొహం విప్పారింది.

"అవునే, మేజోళ్ళే! ఈ అడవిలో రాజుగారికి కూడా లేవు, చూసుకో. పోనీ ఇదైనా చెప్పు."

ఇదైనా ఏమిటి, రత్తాలుకి పండగే! క్షణంలో పుట్టెక్కింది. "తాజా కబురు! గేదెకి మేజోళ్ళు! రాజుగారికి వట్టికాళ్ళు! ఇది అవమానం కాదా? తొండగారూ?"

తొండ తల ఊపింది.

కనకలింగం ఈ మాట విని ఎగిరి గంతేశాడు. ముందురోజే భీమక్క "మంత్రిగారూ, వాగు ఎండుతోంది, కంచె ఎప్పుడు తీస్తారు?" అని నిలదీసింది. ఈ మేజోళ్ళతో పది రోజులు గడిపెయ్యొచ్చు అనుకుని సింహం దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ, ఘోరం! మీకు లేని మేజోళ్ళు ఒక గేదెకా? రాజద్రోహం! అందరినీ పిలిపించి విచారించాల్సిందే!"

సింహం తన పాదాలవంక చూసుకుంది. నిజమే, బోసిగా ఉన్నాయి. చిన్నబుచ్చుకుని సభ పిలిపించింది. చంటిపిల్లతో సహా అడవంతా వచ్చేసింది.

"ఎక్కడివమ్మా అవి?" గద్దించింది సింహం.

"రోజూ పొద్దున్నే తొడుక్కుంటాను మహారాజా. పై మడుగులో. వచ్చారంటే తమరికీ తొడుగుతాను."

కనకలింగం గబగబా అడ్డొచ్చాడు. "మ... మడుగా? ఎందుకు ప్రభూ, ఈ మండుటెండలో! గేదె కాళ్ళు, ఏదో బురద..."

"ఇందాక రాజద్రోహమన్నావుగా!" అని అరిచాయి కోతులు.

"చూడాల్సిందే!" అని ఎగిరాయి కుందేళ్ళు. అన్నాళ్ళూ ఒక్క మాట మీద కలవని ఆ రెండు జట్లూ, ఆవేళ ఒకటై కొండెక్కాయి. నక్క వాళ్ళకి అడ్డంపడి బతిమాలాడు. వినేదెవరు? వాళ్ళని అంతగా ఎగదోసింది తనేనాయె!

భీమక్క ఒక్క తోపు తోస్తే కంచె పడిపోయింది. సూరమ్మ మడుగు మధ్యకి వెళ్ళి నిలబడింది. మోకాళ్ళ కింద ఆగిపోయింది బురద.

"ఇవే మహారాజా మేజోళ్ళు. పోయిన నెల ఇక్కడే నిలబడితే నీళ్ళు మెడదాకా వచ్చేవి. వచ్చే వారానికి నావీ వట్టికాళ్ళే."

భీమక్క పిల్ల దాహంతో తొండం ముంచి పీల్చింది. బురద గొంతుకి అడ్డంపడి దగ్గుతూ తల్లి కాళ్ళ సందున దూరింది. భీమక్క కళ్ళు ఎర్రబడ్డాయి. గట్టు వెంట వెళ్ళి గండి చూసింది, తొండమెత్తి కింద పచ్చగా మెరుస్తున్న పుచ్చతోట చూపించింది.

కనకలింగం చెమటలు కక్కుతూ ఆఖరి ప్రయత్నం చేశాడు. "ప్రభూ! తమ తోక మీద సీతాకోకచిలక వాలింది! రత్తాలూ, చూడు చూడు, చెప్పు అందరికీ!"

రత్తాలు అలవాటుకొద్దీ నోరు తెరిచింది. భీమక్క పిల్ల ఇంకా దగ్గుతోంది. గోరింక సిగ్గుతో నోరు మూసుకుంది. తరవాత నక్కవైపు తిరిగింది.

"తోక సంగతి తరవాత మామా. ఆ కాలవ ఎవరు తవ్వారో ముందు చెప్పు."

కనకలింగం తొండవైపు ఆశగా చూశాడు. తొండ కూడా తల ఊపలేదు.

ఊటమడుగు గనక గండి పూడిస్తే నీళ్ళు మళ్ళీ చేరతాయంది సూరమ్మ. రాళ్ళు తేవడానికి ఏనుగులు కదిలాయి. అవి వచ్చేదాకా ఉన్న నీళ్ళు పోకుండా ఏదో ఒకటి అడ్డంపెట్టాలి కదా. సింహం కనకలింగాన్ని మెడపట్టి తీసుకెళ్ళి, వీపు మడుగువైపు పెట్టి గండిలో కూలేసింది. మూడు ఝాములపాటు మంత్రిగారు నీళ్ళని కాపాడారు, పదవిలోకి వచ్చాక మొదటిసారి.

ఎవరైనా పనిగట్టుకుని మనల్ని ఒకవైపే చూడమంటున్నారంటే, రెండోవైపు ఓసారి వెళ్ళి చూసి రావాలి.