గదిలోకి వెళ్ళని కెమెరా

"సినిమా చూడటం రానివాళ్ళ అభిప్రాయం నేనెందుకు వినాలి మాస్టారూ?" అని సాకేత్ అడిగినప్పుడు భుజంగరావు మాస్టారు అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. వెనక్కి తిరగలేదు. అడిగినవాడి గొంతులో కోపాన్ని మాత్రం విన్నట్టున్నారు. చివరి గుండీ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

ఆయన దగ్గర కథ రాయడం నేర్చుకున్న మాలో, చెప్పినట్టుగానే సినిమా తీసి విడుదల చేసినవాడు సాకేత్ ఒక్కడే. చుట్టాల ఫామ్‌హౌస్ అరువడిగి, స్నేహితుల్నే నటులుగా పెట్టి, ఉన్న కాస్తలో తీశాడు. పేరు 'కేక్ కోసేలోపు'. కథ చిన్నదే. పుట్టినరోజు పార్టీలో ఒక అమ్మాయి ఏదో తాగి స్పృహ తప్పుతుంది. పోలీసులొస్తారన్న భయంతో మిగతావాళ్ళు ఆమెను ఒక గదిలో పడుకోబెట్టి, తెల్లారితే అదే లేస్తుందిలే అని తలుపు వేస్తారు. ఆమె లేవదు. గ్లాసులో ఏం కలిసింది, ఎవరు కలిపారు అని ఒకరినొకరు అనుమానించుకుంటూ కొట్టుకోవడమే మిగతా సినిమా.

ఫోన్లలో చూసే వేదిక ఒకటి దాన్ని తీసుకుంది. జనం చూశారు, చూసి తిట్టారు. "రెండు గంటలు పోయాయి, ఎవరిస్తారు?" అని ఒకడు. "పార్టీకి మేమెళ్ళినా ఇంతకంటే థ్రిల్ ఉంటుంది" అని ఇంకొకడు. సాకేత్ ఒక్కటీ వదలకుండా చదివేవాడు. చదివినకొద్దీ మండిపోయేవాడు. చివరికి ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో కూర్చుని ఆ తిట్లన్నీ పైకి చదువుతూ, ఒక్కొక్కరికీ వెటకారంగా జవాబు చెప్పాడు. అందులో ఎవరో ఒకావిడ రాసిన మాట కూడా ఉంది: 'తలుపు వేశాక కెమెరా ఆ గదిలోకి ఎందుకు వెళ్ళలేదు?' దానికి సాకేత్, "లోపల ఏసీ లేదండీ, కెమెరామన్ ఒప్పుకోలేదు," అన్నాడు. యాంకర్ పడీపడీ నవ్వింది. ఆ ముక్కనే కత్తిరించి అందరూ తిప్పారు. సినిమా కంటే దాన్నే ఎక్కువమంది చూశారు.

అది జరిగిన వారానికే ఈ ప్రశ్న.

మాస్టారు అద్దం దగ్గర నుంచి వచ్చి, "ఆదివారం హాలు ఖాళీయే. నీ సినిమా వేద్దాం," అన్నారు.

యూసుఫ్‌గూడలో ఒక గ్రంథాలయం పై అంతస్తులో ఉంటుంది ఆ హాలు. శిష్యులు తీసినవి మాస్టారు అక్కడే వేయించేవారు. గేటుకి కాగితం అంటిస్తే ఎవరైనా రావచ్చు. నియమం ఒకటే. తీసినవాడు చివరి వరుసలో కూర్చోవాలి, చూసినవాళ్ళలో ఆఖరి మనిషి మాట్లాడేదాకా నోరు విప్పకూడదు. మేమందరం ఆ వరుసలో ఎప్పుడో ఒకప్పుడు చెమటలు పట్టి కూర్చున్నవాళ్ళమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. ఇంటర్వ్యూ పుణ్యమా అని కొందరు తగువు చూడ్డానికే వచ్చారు. సినిమా అయ్యి దీపాలు వెలిగాక, ముందు వరుసలోంచి రిటైరయిన ఆర్టీసీ ఉద్యోగి వీరభద్రం గారు లేచారు. "బాబూ, నన్ను ఫామ్‌హౌస్‌లో పెట్టి తాళం వేశావు. పోనీ, లోపలున్న పిల్లలైనా మనుషులేమో అని చూశాను. ఒక్కడికీ ఇంట్లో అమ్మానాన్న ఉన్నట్టే లేదు. ఎవడి ఫోనూ మోగదేం?"

"సిగ్నల్ లేదని మొదట్లోనే చెప్పించాను సార్. ఆ టైములో మీరు టీ కోసం వెళ్ళారు," అన్నాడు సాకేత్ వెనక నుంచి.

నియమం అప్పుడే తప్పింది. మేం మాస్టారి వైపు చూశాం. ఆయన తర్వాతి మనిషిని లెమ్మని సైగ చేశారు.

ఒక ఇంజనీరింగ్ కుర్రాడు లేచి, నల్లచొక్కా వేసుకున్నవాడే హంతకుడని కేక్ తెచ్చినప్పుడే తెలిసిపోయిందన్నాడు. "నీకు తెలిసిపోవాలనే తొడిగాను, తర్వాత కంగారుపడ్డావా లేదా?" అన్నాడు సాకేత్. పడలేదన్నాడు కుర్రాడు. మాటలు వినబడనంత మ్యూజిక్ పెట్టారని ఒకమ్మాయి అంటే, హెడ్‌ఫోన్లు కొనుక్కోమన్నాడు. కళ్ళద్దాల ఆయన ఒకరు, "డబ్బుల్లేవని తెలుస్తూనే ఉంది, దాన్ని తప్పుపట్టను. ఆలోచనకి డబ్బులక్కర్లేదు కదా," అన్నారు. సాకేత్ లేచి నిలబడ్డాడు. "మీరు తీసి చూపించండి సార్, నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను."

ఎవరో ఈల వేశారు. హాలంతా వేడెక్కిపోయింది. తిట్టేవాళ్ళకి తిట్టడంలో, వాడికి తిప్పికొట్టడంలో ఒక రుచి పుట్టినట్టయింది. సినిమా ఎవరికీ గుర్తులేదు.

అప్పుడు మధ్య వరుసలో కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది. యాభై దాటి ఉంటాయి. నీలం కాటన్ చీర, ఒడిలో హ్యాండ్‌బ్యాగు, దాని మీద రెండు చేతులు. లేచి నిలబడి పేరు చెప్పింది. కృపావతి. ఎర్రగడ్డలో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది.

"నాది ఒకటే ప్రశ్న. తలుపు వేశాక కెమెరా గదిలోకి ఎందుకు వెళ్ళలేదు? ఇంటర్నెట్‌లో అడిగితే ఏసీ లేదన్నారు. అది జవాబు కాదనిపించి, మళ్ళీ అడుగుదామని వచ్చాను."

హాలు నవ్వింది. సాకేత్ కూడా నవ్వాడు, కానీ ఈసారి కాస్త తగ్గాడు. పెద్దావిడ కదా. "అమ్మా, అది సరదాకన్నాను. అసలు సంగతి ఏంటంటే, ఇది థ్రిల్లర్. థ్రిల్లర్‌లో చనిపోయేవాళ్ళ వెంట వెళ్ళం. చంపినవాడెవడా అని బయటవాళ్ళ వెంట వెళ్తాం. లోపలికి వెళితే కథ ఆగిపోతుంది."

చప్పట్లు పడ్డాయి. ఆ మధ్యాహ్నం వాడు చెప్పిన మొదటి తిన్నని జవాబు అదే.

కృపావతి కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"ఎవరికి ఆగిపోతుంది?" అంది.

సాకేత్‌కి ప్రశ్న అర్థం కాలేదు.

"మా అబ్బాయి పేరు జోయెల్. డిగ్రీ చదివేవాడు. స్నేహితుడి పుట్టినరోజని వెళ్ళాడు. తాగాడు, నేను కాదనను. మెట్ల మీద నుంచి పడ్డాడు. వాళ్ళు భయపడి, మీ సినిమాలోలాగే గదిలో పడుకోబెట్టి తలుపేశారు. పొద్దున చూశారు." ఆవిడ గొంతు పెరగలేదు. "ఆ పిల్లలు ఎంత భయపడ్డారో నాకు బాగా తెలుసు. వాళ్ళ లాయరు కోర్టులో చెప్పాడు. పేపర్లో రాశారు. వాళ్ళ తల్లులు మా ఇంటికొచ్చి ఏడ్చి మరీ చెప్పారు. ఎవరు తలుపు వేశారు, ఎవరు వద్దన్నారు, ఎవరు ఎవర్ని తోశారు, అన్నీ విన్నాను. లోపల మావాడికి ఏమైందో ఒక్కరూ చెప్పలేదు. ఎవరికీ అవసరం పడలేదు."

ముందు వరుసలో వీరభద్రం గారు తల దించుకున్నారు.

"మీ సినిమాలో తలుపు పడగానే నేను లేచి కూర్చున్నాను. ఇప్పుడు లోపలికి వెళ్తారు అనుకున్నాను. మీరు వెళ్ళలేదు. మీరూ బయటే ఉన్నారు, వాళ్ళతోనే. వాళ్ళు తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నారు. అయినా చివరిదాకా చూశాను. చివర్లో తలుపు తీశారు. ఆ పిల్ల, ఎలా పడుకోబెట్టారో అలాగే ఉంది. దుప్పటి కూడా నలగలేదు."

బ్యాగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"మావాణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. దొరికింది తలుపు దగ్గర."

పక్కనున్న అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. కృపావతి చెయ్యి వెనక్కి లాక్కుంది. "జాలి పడకండమ్మా. జాలి కోసం రాలేదు. నేను సినిమా గురించే మాట్లాడుతున్నాను."

సాకేత్ నిలబడే ఉన్నాడు. వాడి ముఖంలో జాలి లేదు, చిరాకుంది. దొంగదెబ్బ తగిలినవాడి చిరాకు. మాకు అది కనిపించింది. వాడికీ కనిపించే ఉంటుంది, ఎందుకంటే మాటలు తడబడ్డాయి. "సారీ అమ్మా. నిజంగా సారీ. కానీ, మీకు ఇలా జరిగిందని నాకెలా తెలుస్తుంది?"

"మా అబ్బాయి సంగతి మీకు తెలియక్కర్లేదు," అంది ఆవిడ. "ఆ పిల్ల సంగతి తెలియాలి కదా. ఆమెను మీరే పుట్టించారు."

తర్వాత ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది. మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చినవాళ్ళ ముందు నుంచి మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. తగువు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెప్పులు వెతుక్కున్నారు. నల్లచొక్కా సంగతి చెప్పిన కుర్రాడు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, సాకేత్‌తో ఏదో అనబోయి, అనకుండానే దిగిపోయాడు.

సాకేత్ ఆవిడ వెనక పరుగెత్తాడు. గేటు దగ్గర అందుకున్నాడు. మేం పైనుంచి చూస్తున్నాం. వాడు చేతులు జోడించాడు. ఆ ఇంటర్వ్యూని యూట్యూబ్‌లోంచి తీయించేస్తానని కాబోలు, ఫోన్ తీసి చూపించాడు. ఆవిడ అడ్డంగా తలూపింది. ఏమందో తర్వాత వాడే చెప్పాడు: "నన్ను చూసి నవ్వారని నాకు కోపం లేదు బాబూ. నన్ను చూసి నవ్వినవాళ్ళు చాలామంది." అంతే, బస్సు వచ్చింది, ఎక్కింది.

వాడు మళ్ళీ పైకొచ్చేసరికి ముఖం ఎర్రబడి ఉంది. పశ్చాత్తాపం అనుకున్నాం. కాదు.

"ఆవిడ వస్తుందని మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలియదు."

"తెలిసే వేయించారు. నాకు బుద్ధి చెప్పడానికి."

"సాకేత్, నాకు ఆవిడ ఎవరో తెలియదు," అన్నారు మాస్టారు. ఆయన అబద్ధం చెప్పరని మాకు తెలుసు. వాడికీ తెలుసు.

వాడు కుర్చీ ఒకటి జరిపి, కూర్చోకుండా దాని వీపు పట్టుకున్నాడు. "సరే. ఆవిడకి జరిగింది దారుణం. నేను కాదనను. కానీ అంత దెబ్బ తిన్న మనిషి సినిమాని సినిమాగా ఎలా చూస్తుంది? ఏది చూసినా కొడుకే కనిపిస్తాడు. అది అభిప్రాయం ఎలా అవుతుంది మాస్టారూ? రేపు ఇంకెవరో వచ్చి, మా ఇంట్లో ఇంకోలా జరిగిందంటారు. అందరి ఇళ్ళలో జరిగినవన్నీ నేను తీయాలా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మాలో ఒకరిద్దరు తలూపారు కూడా.

మాస్టారికి కోపం రావడం నేను రెండుమూడుసార్లే చూశాను. ఆయన కోపం గొంతులోకి రాదు, ముఖం బిగుసుకుంటుంది. "దుప్పటి నలగలేదని ఈ హాల్లో ఇంకెవరు చూశారు?" అన్నారు. "వీరభద్రం గారు చూశారా? నేను చూశానా? ఆ దుప్పటి పరిచినవాడివి, నువ్వు చూశావా?"

కుర్చీ వీపు మీద నుంచి సాకేత్ చేతులు జారాయి.

"చూడటం రానివాళ్ళన్నావు," అన్నారు మాస్టారు, ఇంకా మెల్లగా.

కింద గ్రంథాలయంలో ఎవరో బీరువా తలుపులు మూస్తున్న చప్పుడు. సాకేత్ కుర్చీలో కూలబడ్డాడు. వాడి కోపం ఎటు పోవాలో తెలియక వాడి మీదకే తిరిగింది. అరచేత్తో నుదుటి మీద రెండుసార్లు గట్టిగా కొట్టుకున్నాడు. మాస్టారు ఆపలేదు.

"ఆ షాట్ రోజు ఆ అమ్మాయి అడిగింది మాస్టారూ," అన్నాడు కాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా. "చనిపోయే వేషం వేసిన అమ్మాయి. నేనెలా పడుకోవాలి, మధ్యలో నాకు మెలకువ వచ్చిందా అని. టైము లేదు, ఊరికే పడుకో అన్నాను."

దీపాలు ఆర్పమని మాస్టారు మాకు సైగ చేశారు. అందరం గుమ్మం దాకా వచ్చాం. ఆయన గోడ పట్టుకుని చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే సాకేత్ ఇంకా లోపలే నిలబడి ఉన్నాడు.

"సినిమా అయిపోయింది కదా మాస్టారూ. జనం చూసేశారు. ఇప్పుడిక నేను చేసేదేముంది?"

మాస్టారు రెండో చెప్పు కూడా తొడుక్కున్నారు.

"ముందు ఆ గదిలోకి వెళ్ళి, ఆ పిల్ల ఎలా ఉందో చూడు," అన్నారు.