ఉయ్యాలకు మరో పేరు

2003 వేసవిలో సాలూరులోని ఒక చిన్న ప్రెస్సులో పైడినాయుడు అనేవాడు అచ్చుకు పుస్తకాల పేజీలు కూర్చే పని చేస్తుండేవాడు. దేన్ని మార్చినా సరే, పాతదాన్ని దాచి ఉంచడం పిరికివాళ్ల లక్షణమని అతని నమ్మకం. ఇంటికి కొత్త తలుపు చేయించినప్పుడు, అది ఇంకా వడ్రంగి దగ్గర ఉండగానే పాతదాన్ని చీల్చి పొయ్యిలో పెట్టించాడు. కొత్తది బిగించేదాకా ఆగమని భార్య చెప్పినా వినలేదు. ఆ వారమంతా వీధికుక్క వాళ్లింట్లోకి చుట్టంలా వచ్చిపోయింది.

ఆ ప్రెస్సులో పుస్తకాలు కంప్యూటరు మీద కూర్చేవారు. పేజీలో జరగాల్సిన పనుల్ని వరసగా రాసి, ఆ వరస మొత్తానికి ఒక పేరు పెట్టేవారు. దాన్ని కమాండు అనేవారు. తరవాత ఆ పేరొక్కటి రాస్తే చాలు, యంత్రం ఆ పనులన్నీ తనే చేసుకుపోయేది. అలాంటి కమాండ్లలో ఒకదాని పేరు ఉయ్యాల. నాయుడికి ముందు అక్కడ పనిచేసిన గంగాభవాని దాన్ని రాసింది. ఆ పేరు కింద ఏ పాట పెట్టినా మొదటి పాదం కాస్త ఎడమకు, రెండోది కాస్త కుడికి, మూడోది మళ్లీ ఎడమకు ఒరిగేవి. పోనుపోను ఆ ఊపు సన్నగిల్లి, ఆఖరి పాదం పేజీ నడుమ మెల్లగా ఆగేది. చూస్తూ కూర్చుంటే పెద్దవాళ్లకే రెప్పలు వాలేవి.

మామిడిపళ్ల రోజుల్లో అసిరమ్మ అనే ముసలావిడ ప్రెస్సుకు వచ్చింది. తల్లి పాడిన జోలపాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. అరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది గాని, ఆ పాటల్ని అచ్చులో ఎన్నడూ చూడలేదు. ఇంట్లో మునిమనవరాలు పుట్టింది. పిల్లను ఉయ్యాలలో వేసే రోజున పుస్తకం చేత్తో పట్టుకుని, చూసి చదువుతూ పాడాలని ఆమె కోరిక. కంటి నరం ఎండిపోతోందని, వానలు పడేసరికి వెలుతురు తప్ప మరేమీ కనిపించదని డాక్టరు చెప్పేశాడు.

ఆమెకు పాత పిల్లల పుస్తకం ఒకటి చూపించారు. ఊగే పాట ఉన్న పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఇలాగే ఉండాలి బాబూ. తిన్నగా ఉన్న వరసలు నా కంటికి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఇవైతే ఒకటి ఇటు, ఒకటి అటు. దారి తప్పను. అక్షరం మాత్రం పెద్దది చెయ్యి."

అందుకు నాయుడు సరేనన్నాడు. ప్రెస్సు యజమాని జగ్గారావుకు ఆ పనిలో లోతు తెలియదు గాని మనిషి జాగ్రత్తపరుడు. ఉయ్యాలను ముట్టుకునే ముందు దాని నకలు ఒకటి పక్కన ఉంచమన్నాడు.

"కొత్త చొక్కా వేసుకున్నాక పాతది చంకలో పెట్టుకు తిరుగుతామా బాబుగారూ?" అన్నాడు నాయుడు.

"కొత్తది కుట్టేదాకా ఒంటి మీద ఏముంచుకుంటావురా?" అన్నాడు జగ్గారావు.

నాయుడు నవ్వుతూ యంత్రం వైపు తిరిగాడు. పాత ఉయ్యాల కిందనే కొత్త ఉయ్యాల రాశాడు. ఉయ్యాల అంటే ముందు అక్షరాన్ని పెద్దది చెయ్యి, తరవాత ఉయ్యాల వెయ్యి అని దాని భావం. అతని లెక్కన అందులో తప్పేమీ లేదు. యంత్రాన్ని నడిపించాడు. అది చాలాసేపు గుర్రుమని, లోపల చోటు చాలడం లేదని చెప్పి ఆగిపోయింది. మళ్లీ నడిపించాడు. మళ్లీ అదే మాట. ఒకే పేరుతో రెండు ఉండబట్టే ఈ తగువు అనుకున్నాడు. గంగాభవాని రాసిన వరసలన్నీ ఒక్క ఊపున చెరిపేసి, ఆ మార్పును యంత్రంలో ఖాయం చేసే మీట నొక్కాడు. ఈసారీ అదే మాట వచ్చింది.

ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనిపించి నిలిచాయి. కిటికీ అవతల కొండలు ఎండలో నీళ్లలా కదులుతున్నాయి. నాయుడు బల్ల మీద తల వాల్చాడు.

కలలో అతను పొడవాటి సావడిలో నడుస్తున్నాడు. సావడి చివర ఒక ఉయ్యాల వేలాడుతోంది. అందులో పిల్ల లేదు. అక్షరాలు కొంచెం పెద్దవిగా ఒక చీటీ ఉంది: ఉయ్యాల దగ్గరికి వెళ్లు. తల ఎత్తితే అవతల ఇంకో ఉయ్యాల. అందులోనూ ఒక చీటీ, దాని మీద అక్షరాలు ఇంకా పెద్దవి, మాట మాత్రం అదే. నడిచేకొద్దీ అక్షరాలు కిటికీలంత అయ్యాయి, తలుపులంత అయ్యాయి, కొండలంత అయ్యాయి. చివరికి జో అనే అక్షరం వంపు మీద తను చీమలా పాకుతున్నాడు. ఎక్కడో పసిపిల్ల సన్నగా ఏడుస్తోంది. ఆ ఏడుపు దగ్గర పడదు, దూరం పోదు. ఒక్క ఉయ్యాలా ఊగడం లేదు.

వంపు అంచున అసిరమ్మలాంటి మనిషి కూర్చుని మామిడి టెంక చీకుతోంది.

"ఊగే ఉయ్యాల ఏదమ్మా?" అని అడిగాడు.

"దాని పేరు ఇంకోదానికి పెట్టేశావు కదా బాబూ. ఇప్పుడు దాన్ని ఏటని పిలుస్తావు?"

నాయుడికి మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. చేసిన పొరపాటు అద్దంలో మొహంలా కనిపించింది. ఉయ్యాల అంటే ఏమిటని యంత్రం అడిగిన ప్రతిసారీ, ఉయ్యాల అనే తను జవాబు చెప్పాడు. అది గానుగెద్దులా తన చుట్టూ తనే తిరిగింది. ముందుగా పాతదానికి పాతఉయ్యాల అని మరో పేరు పెట్టి ఉంటే సరిపోయేది. అక్షరం పెద్దది చెయ్యి, తరవాత పాతఉయ్యాల వెయ్యి అని రాస్తే ఆ మధ్యాహ్నమే పని అయిపోయేది. ఆత్రంగా వెతికాడు. పాత వరసలు ఎక్కడా లేవు. చెరిపింది తనే, మీట నొక్కి ఆ చెరపడాన్ని ఖాయం చేసిందీ తనే.

జగ్గారావు జయపురంలో ఉన్న గంగాభవానికి ఫోను చేశాడు. తన పిల్ల ఉయ్యాలలో ఊగుతుంటే చూస్తూ, కంటి అందాజుతో కొలతలు వేశానని, ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదని ఆమె చెప్పింది. ప్రెస్సులో ఉంటుంది కదా అని నకలు తీసుకోలేదట.

నాయుడు మొదటి నుంచి మొదలుపెట్టాడు. పాత పుస్తకంలోని పేజీని కొలిచి చూశాడు గాని, ఆ కొలతలు ఆ ఒక్క పాటకే సరిపోయాయి, అసిరమ్మ పాటల పొడవుకూ పెద్ద అక్షరానికీ కుదరలేదు. పాదాలు ఒరిగేవి గాని ఊగేవి కావు. ఒకరోజు మరీ బిగుసుకుపోయేవి, ఒకరోజు తాగినవాడిలా తూలేవి. అసిరమ్మ కళ్లకు దగ్గరగా కాగితం పెట్టుకుని చూసి, "ఇది ఉయ్యాల కాదు బాబూ, రాళ్ల మీద ఎడ్లబండి. పిల్ల లేచి కూర్చుంటాది," అని నవ్వింది. మరోసారి వచ్చినప్పుడు కాగితాన్ని ఇంకా దగ్గరగా పెట్టుకుంది. ఆ తరవాత వచ్చినప్పుడు నవ్వలేదు. ఎలా ఉందో నువ్వే చెప్పమంది.

పిల్లను ఉయ్యాలలో వేసిన రోజు పుస్తకం లేకుండానే గడిచిపోయింది. అసిరమ్మ తనకు కంఠతా వచ్చిన పాటే పాడిందట. ఒడిలో రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని కూర్చుందని చూసినవాళ్లు చెప్పారు.

కొండల మీదికి మొదటి మబ్బు దిగిన రోజున నాయుడి పాట ఊగింది. ఆఖరి పాదం పేజీ నడుమ మెల్లగా ఆగింది. అచ్చు వేసి, కుట్టించి, వానలో తడవకుండా చొక్కాలోపల పెట్టుకుని అసిరమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె వాకిట్లో ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు వైపు తల తిప్పింది గాని, అతని మొహం వైపు చూడలేదు.

"పుస్తకం తెచ్చాను మామ్మా."

ఆమె రెండు చేతులూ చాచింది. పేజీ తెరిచి, అరచేతితో నిమిరింది. కాగితం నున్నగా ఉంది.

"ఊగుతోందా బాబూ?"

"ఊగుతోంది మామ్మా."

"సరే అయితే," అని ఆమె పుస్తకాన్ని పిల్ల కాళ్ల దగ్గర పెట్టి, మళ్లీ తాడు అందుకుంది.

ఉన్న పేరుకు కొత్త అర్థం పెట్టాలంటే, ముందు పాత అర్థాన్ని మరో పేరుతో భద్రంగా దాచుకోవాలి. కొత్తది దాని మీదే నిలబడుతుంది. నాయుడు అది నేర్చుకున్నాడు. అసిరమ్మ మాత్రం తన తల్లి పాటను అచ్చులో చూడలేదు.