వెండి రంగు వేసిన షాఫ్టు

మూడోసారి కూడా అదే జీపు, అదే షాఫ్టు, అదే క్రాసు. గౌరునాయుడికి ఏమీ పాలుపోలేదు.

వంతల భీమన్న జీపు దిగాడు. పక్క సీట్లో పెట్టుకొచ్చిన షాఫ్టును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి షెడ్డు ముందు గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. వెనక చక్రాలను తిప్పాల్సింది ఆ షాఫ్టే. అది ఊడిపోతే ముందు చక్రాలకు గేరు కలిపి, వాటి లాగుడుతోనే పన్నెండు మైళ్ళ ఘాటురోడ్డు దిగి వచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి సరిపోయింది. మామూలు బండైతే కొండమీదే కూర్చునేది.

"నీ కొడుకుని తెచ్చాను మేస్త్రీ. మళ్ళీ జొరమొచ్చింది," అన్నాడు భీమన్న. నవ్వలేదు.

షాఫ్టు చివర రెండు కొమ్ముల మధ్య, కూడిక గుర్తులా ఉండే ఇనుప ముక్కని క్రాసు అంటారు. బండి ఎంత ఎగిరినా, ఎంత వంగినా, ఇంజను తిప్పే తిప్పుడు చక్రం దాకా చేరేది దాని పుణ్యమే. దాని నాలుగు చివర్లకూ నాలుగు టోపీలు. టోపీల లోపల సూదుల్లాంటి సన్నటి బేరింగులు. గౌరునాయుడు ఒక టోపీ పీకి చేతిలో బోర్లించాడు. సూదులు లేవు. తుప్పురంగు పొడి రాలింది.

"గ్రీజు కొట్టావా?"

"ప్రతి శుక్రవారం కొట్టాను. గెడ్డ నీళ్ళు దాటిన ప్రతిసారీ కొట్టాను. నాలుగు టోపీల్లోంచీ కొత్త గ్రీజు బయటికి ఉబికేదాకా కొట్టాను. మొదటిసారి కొట్టలేదు, నాదే తప్పు, ఒప్పుకున్నాను. తర్వాత రెండుసార్లూ నాది కాదు."

"గతుకుల్లో తోలేసుంటావు."

"మా కొండకి గతుకులు కాకుండా ఏటుంది? ఈ బండి పద్నాలుగేళ్ళుగా గతుకుల్లోనే బతికింది. ఇప్పుడే ఎందుకు విరుగుతోంది? ఇరవై మైళ్ళ స్పీడు దాటితే సీటు కింద తేనెపట్టు కదిలినట్టు వణుకొస్తోందని నీకు చెప్పానా లేదా? ముసలిబండికి వణుకుంటాదన్నావు."

భీమన్న మాటలో అబద్ధం లేదు. కొండమీది భీమన్న ఊరు పనసలోవకు రోడ్డు వేస్తామని మూడుసార్లు కొబ్బరికాయ కొట్టారు. కొట్టినవాళ్ళు ఆ కొబ్బరిముక్కలు నములుతూ కారెక్కి వెళ్ళిపోయారు. రాళ్ళు మాత్రం మిగిలాయి. ఆ రాళ్ళమీద ఎక్కగలిగే బండి ఇదొక్కటే. ఇది ఆగితే ఉప్పుబస్తా నుంచి నెలలు నిండిన మనిషి దాకా అందరూ ఎవరో ఒకరి భుజాలమీద కొండ ఎక్కాలి, దిగాలి.

"సోమవారం సంత," అన్నాడు భీమన్న. "ఈసారి విరిగితే నీ దగ్గరకి రాను మేస్త్రీ. తిట్టను. రాను, అంతే."

తిట్టినా బాగుండేది.

గౌరునాయుడు ఈ షెడ్డు యజమాని వలీ ఉస్తాద్ దగ్గర చేరి పదకొండేళ్ళయింది. జంక్షనుకు అవతల తనకంటూ ఒక షెడ్డు కట్టుకున్నాడు. రేకులు పడ్డాయి. సామాన్ల గదికి గోడలు లేచాయి. అయినా అందులో ఇంకా ఒక్క నట్టు బిగించలేదు. ఉస్తాద్ నోటితో "వెళ్ళు" అనకుండా సొంతంగా పానా పట్టుకోవడం ఆ ఘాటు కింద ఎవరూ చేయరు. ఉస్తాద్ అనడం లేదు. నెల క్రితం అంటాడేమో అనిపించింది. ఈ జీపు రెండోసారి తిరిగొచ్చాక ఆ మాట ఎటో పోయింది.

అతనికి అర్థం కానిది అదే. పనిలో తప్పెక్కడ? అతను విప్పిన షాఫ్టును చూడ్డానికి వేరే షెడ్ల మేస్త్రీలు వచ్చేవారు. ముక్కలు విడదీసి, డీజిల్లో నానబెట్టి, తీగబ్రష్షుతో మెరిసేదాకా తోమి, రెండు పూతలు వెండి రంగు వేసేవాడు. క్రాసును సుత్తితో బాదడు, వైసులో పెట్టి మెల్లగా దిగనొత్తుతాడు. ఉస్తాద్ చేసిన పని దాని పక్కన పెడితే జిడ్డోడుతూ, ఉలిగాట్లతో, పెళ్ళికి పిలవని చుట్టంలా ఉండేది.

షెడ్డులో ఇంకో ఆచారం కూడా ఉంది. బండి బాగుచేసినవాడే మొదటి ట్రిప్పులో, సరిగ్గా షాఫ్టుకు పైన ఉండే సీట్లో కూర్చుని ఘాటు ఎక్కి దిగాలి. విరిగితే ముందు వాడికే తగలాలని ఉస్తాద్ పెట్టిన రూలు. గౌరునాయుడు పోయిన రెండుసార్లూ ఎక్కలేదు. తన పని తనకు తెలియదా అనుకున్నాడు.

షెడ్డు వెనక చిన్న దర్గా ఉంది. వలీ ఉస్తాద్ రోజూ పొద్దున దాన్ని ఊడ్చి, ఊదువత్తి వెలిగించాకే పానా ముట్టుకుంటాడు. డెబ్బై దాటిన మనిషి. గౌరునాయుడు వెళ్ళేసరికి, మధ్యాహ్నం నమాజుకు ముందు ఇంకోసారి ఊడ్చి చీపురు గోడకు ఆనిస్తున్నాడు.

"ఉస్తాద్, భీమన్న క్రాసు మళ్ళీ పోయింది. మంచి సరుకే వేశాను. గ్రీజు ఉంది. సుత్తి తగలనివ్వలేదు. సరుకే నకిలీదో, రోడ్డే అలాంటిదో, నాకేమీ తోచడం లేదు."

ఉస్తాద్ క్రాసు చేతిలోకి తీసుకోలేదు. చూడనైనా లేదు.

"పెద్ద రంపం పట్రా," అన్నాడు. "ఆ దుంగ కోద్దాం."

దర్గా పక్కన వానల్లో పడిన మద్ది దుంగ ఒకటి ఎన్నాళ్ళ నుంచో ఉంది.

"ఉస్తాద్, సోమవారం సంత..."

"దుంగ."

పదకొండేళ్ళలో ఉస్తాద్ చేత అలాంటి ఒంటి మాటను రెండోసారి అనిపించుకున్నవాడు లేడు. గౌరునాయుడు రంపం తెచ్చాడు. ఇద్దరూ చెరోవైపు పిడి పట్టుకున్నారు. నాలుగు లాగులు బాగానే నడిచింది. పొట్టు రాలింది. ఐదో లాగుకి గౌరునాయుడు లాగుతుంటే అటునుంచి ఉస్తాద్ కూడా లాగాడు. రంపం గీతలో బిగుసుకుని కుయ్యిమంది. తను తోస్తే అటునుంచి కూడా తోశాడు. రేకు విల్లులా వంగింది. ముసలాయనకి చెయ్యి అలిసిందేమో అనుకుని కాసేపు ఓపిక పట్టాడు. మళ్ళీ అదే. చెమట కళ్ళలోకి కారింది. రంపం ఒక్క దారం మందం కూడా దిగలేదు. ఠప్పుమని ఒక పన్ను విరిగి మట్టిలో పడింది.

"ఉస్తాద్, మీరు వదలడం లేదు."

"నేనెందుకు వదలాలి? బాగానే లాగుతున్నాను కదా. నువ్వూ బాగానే లాగుతున్నావు."

"ఇద్దరం ఒకేసారి లాగితే ఎలా తెగుతుంది? నేను లాగినప్పుడు మీరు రావాలి. మీరు లాగినప్పుడు నేనొస్తాను."

"రంపం నకిలీదేమో."

"రంపం బంగారంలా ఉంది ఉస్తాద్."

"అయితే దుంగ గతుకులుగా ఉందేమో."

గౌరునాయుడి చెవులు వేడెక్కాయి. ఉస్తాద్ పిడి వదిలేసి, మట్టిలో పడిన పన్నును ఏరి జేబులో వేసుకుని, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నమాజు వేళయింది.

రంపం దుంగలోనే ఇరుక్కుని ఉంది. గౌరునాయుడు ఒకసారి లాగి చూశాడు, రాలేదు. కోపం వచ్చింది. సంతకు మూడు రోజులుంది, క్రాసు విరిగింది, ఈయన దుంగ కోయిస్తాడు. ముసలితనమా? పరిహాసమా? ఏదీ కాదని తెలుసు. ఏమిటో మాత్రం తెలియలేదు.

తిరిగొచ్చి కొత్త క్రాసు బిగించాడు. షాఫ్టును తిరిగేలా వైసు దవడల మధ్య వదులుగా ఆనించి, చివరి కొమ్మును కాస్త వంచి చేత్తో తిప్పాడు, ఊరికే, ఏం చేయాలో తోచక. ఎన్ని వందలసార్లు తిప్పాడో అలాంటివి. ఈసారి చెయ్యి ఆగింది. చెయ్యి ఒకే తీరుగా తిప్పుతున్నా షాఫ్టు ఒకే తీరుగా తిరగడం లేదు. ఒక చుట్టులో రెండుసార్లు తొందరపడుతోంది, రెండుసార్లు వెనకబడుతోంది. మళ్ళీ తిప్పాడు. అంతే. వంగిన క్రాసు గుణమే అది.

మరి ఇటు తొందరపడినప్పుడు అటు చివర ఏం చేస్తోంది?

ఆ చివర చూశాడు. ఇటు కొమ్ములు నిలువుగా ఉన్నాయి. అటు కొమ్ములు అడ్డంగా పడుకున్నాయి. ఇటు తొందరపడినప్పుడే అటూ తొందరపడుతుంది, దుంగలో ఇద్దరూ ఒకేసారి లాగిన రంపంలా.

షాఫ్టు ఒకే కడ్డీ కాదు. ఒక ముక్క ఇంకో ముక్కలోకి పళ్ళతో దూరి ఉంటుంది. బండి ఎగిరినప్పుడు పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. తోమడానికి అతనే వాటిని విడదీశాడు. అతనే మళ్ళీ దూర్చాడు. ఎన్ని పళ్ళుంటే అన్ని విధాలుగా దూరుతుంది. ఎలా దూర్చినా బిగుస్తుంది, తిరుగుతుంది. అడిగేవాడు ఉండడు.

చాకు తీసుకుని అతుకు దగ్గర తన వెండి రంగు గీకాడు. ఒక పూత పోయింది. రెండో పూత పోయింది. కింద ఒక ఉలిగాటు బయటపడింది. పాతది, వంకరది, ఉస్తాద్ గుర్తు కోసం కొట్టినది. దాని జోడీ గాటు కోసం రెండో ముక్క చుట్టూ గీకుతూ పోయాడు. అది ఎదురుగా లేదు. పావు చుట్టు అవతల, రంగు కింద ఉంది.

గౌరునాయుడు షాఫ్టును గోనెపట్టా మీదకి దింపాడు. ముక్కలు విడదీశాడు. గాటుకు గాటు ఎదురు పెట్టి దూర్చాడు. రెండు చివర్లా కొమ్ములు ఒకే తీరుగా నిలబడ్డాయి. ఈసారి డీజిల్ డబ్బా తీయలేదు. రంగు డబ్బా మూత తెరవలేదు.

సోమవారం సంత జీపులో, షాఫ్టుకు పైన ఉండే సీట్లో అతను కూర్చున్నాడు. పక్కన ఒక ముసలమ్మ ఒళ్ళో రెండు కోళ్ళు పెట్టుకుని ఉంది. "నీకు మా ఊళ్ళో ఏటి పని మేస్త్రీ?" అని అడిగింది. "నా పని నీ కాళ్ళ కింద ఉందమ్మా," అన్నాడు. ఆమె కాళ్ళు పైకి లాక్కుంది.

గెడ్డ దాటారు. రాళ్ళు ఎక్కారు. తిరుగు ట్రిప్పులో ఘాటు కింద నేల చదునైన చోట భీమన్న ఇరవై దాటించాడు, ముప్పై ముట్టించాడు. సీటు కింద ఏమీ లేదు. భీమన్న అద్దంలోంచి అతన్ని చూశాడు.

"తేనెపట్టు ఏమైపోనాది మేస్త్రీ?"

"నేనే పెట్టాను. నేనే తీశాను," అన్నాడు గౌరునాయుడు.

భీమన్న అద్దం సర్దుకున్నాడు. షెడ్డు ముందు దింపి, "శుక్రవారం గ్రీజుకొస్తాను," అన్నాడు.

గౌరునాయుడు నేరుగా దర్గా దగ్గరకు వెళ్ళాడు. రంపం ఇంకా దుంగలోనే ఉంది. ఉస్తాద్ దాని పక్కన చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. చుట్ట ఆర్పి పిడి పట్టుకున్నాడు. గౌరునాయుడు రెండో పిడి పట్టుకున్నాడు. ఒకరు లాగితే ఒకరు వచ్చారు. ఒక పన్ను లేని రంపం, విరిగిన చోట చిన్నగా తడుముకుంటూనే, దుంగలోకి దిగిపోయింది. గ్లాసు టీ చల్లారేంతలో ముక్క తెగి పడింది.

"ఇది దేనికి ఉస్తాద్?"

"నీ సామాన్ల గదికి గడప లేదు."

గౌరునాయుడు వంగి ఒక కొస ఎత్తాడు. ఉస్తాద్ రెండో కొస ఎత్తాడు.

"కాస్త ఎత్తుగా పెట్టుకో," అన్నాడు ఉస్తాద్. "దాటినప్పుడల్లా కిందికి చూడాల్సి వస్తుంది."