పెద్దవైద్యుడి పంటినొప్పి

పూర్వం ఒక రాజధాని వైద్యశాలలో నానా దేశాలవాళ్లు పనిచేసేవారు. పెద్దవైద్యుడు గరళకంఠయ్యకు మాత్రం ఎవరైనా ఎదురు చెబితే గిట్టేది కాదు. కత్తులు మరిగించకుండా వాడుతున్నారని హకీము దస్తగిరి అన్నందుకు, "తప్పులెంచేవాళ్ల చోటు కట్టెల దొడ్డే!" అని అతణ్ణి కట్టెలు కొట్టడానికి పంపేశాడు. ఆనాటి నుంచి ఎవరూ నోరు మెదపలేదు. పుళ్లు చీముపట్టి రోగులు అల్లాడుతుంటే, గాయాలు కడిగే సూరమ్మకు కడుపు తరుక్కుపోయేది.

ఒకనాడు గరళకంఠయ్యకే పన్ను సలిపింది. అరవదేశం నుంచి వచ్చిన ముత్తు పళ్లు పీకడంలో దిట్ట. అతను పట్టకారు అందుకోగానే సూరమ్మ అతని చెవిలో ఏదో చెప్పి, పెద్దవైద్యుడి తల గట్టిగా పట్టుకుంది. పట్టకారు తిన్నగా మంచి పన్ను మీదికి వచ్చింది.

"అది కాదు! పక్కది!" అని ఆయన గావుకేక పెట్టాడు.

"నువ్వు కానియ్యి ముత్తూ," అంది సూరమ్మ. "అయ్యగారు పొరపాటున తప్పు ఎత్తి చూపారు. పాపం, ఈ వయసులో కట్టెలేం కొడతారు? మనం వినలేదనుకుందాం."

"వినండయ్యా! తప్పును తప్పంటే నేరమా?"

"మరి దస్తగిరి అంటే?"

"ఎవరన్నా సరే! ముందా పట్టకారు తియ్యండి!"

సూరమ్మ వెళ్లి దస్తగిరిని పిలుచుకొచ్చింది. అతను వస్తూనే పట్టకారు మరిగించమన్నాడు. గరళకంఠయ్య బుగ్గ పట్టుకుని, నీళ్లు కాగేదాకా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.