వీరుడి రాయి మీద కొడవళ్ళు

నాగలింగమ్మగారు పాఠం చెప్పేది వంటింట్లోనే. మఠంలో హాలు ఉంది, వేదిక ఉంది, మైకు కూడా ఉంది. ఆమె మాత్రం కూరగాయల బుట్ట ముందు వేసుకుని కూర్చుంటారు. వినదలచినవాళ్ళు గడప ఇవతల కూర్చోవాలి. ఆ రోజు టమాటాలు తరుగుతున్నారు. కత్తి మొద్దుబారి, కాయలు తెగడానికి బదులు చితుకుతున్నాయి.

శిష్యుల్లో శ్రీకంఠయ్య రిటైరైన లెక్చరరు. ఆమె మాటల్ని ఇరవై ఏళ్ళుగా నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నాడు. బయట జనం నోట అవే మాటలు మారిపోతున్నాయని ఆయన బాధ. బస్టాండులో పూలమ్మే ఆవిడ ఒక మాటను సగానికి తుంచి, మొగుణ్ణి తిట్టడానికి వాడుతుంటే స్వయంగా విన్నాడట. అందుకని మాటలన్నీ నల్లరాతి పలక మీద చెక్కించి, అద్దం బిగించి, హాల్లో నిలబెట్టాలని ఆయన కోరిక.

"ఎవరూ ముట్టుకోకుండా ఉంటేనే కదమ్మా, మాట చెడకుండా నిలిచేది?" అని అడిగాడు.

ఆమె తరగడం ఆపకుండా తన పుట్టింటి ఊరి సంగతి ఒకటి చెప్పారు.

ఎర్రమల కొండల కింద ఉలిమెట్ట అని చిన్న ఊరు. ఊరి మొదట్లో వీరుడి బొమ్మ చెక్కిన నడుమెత్తు రాయి, వీరగల్లు, ఒకటి ఉంది. ఎప్పుడో దొంగల దండు జొన్నచేల మీద పడితే, కోత కోస్తున్న తిమ్మప్ప అనే మనిషి చేతిలోని కొడవలితోనే ఎదురు నిలిచి అక్కడే చచ్చిపోయాడు. ఆ రాయి ఆయనది. కోత మొదలయ్యే రోజు ప్రతి ఇంటి కొడవలినీ దాని మీద నూరాకే చేలో దిగుతారు. తరతరాలుగా నూరీ నూరీ వీరుడి ముఖం ఉండేచోట గుంట పడింది. కొడవలి పట్టిన చెయ్యి ఒక్కటే మిగిలింది.

ఒక ఏడు సరిగ్గా కోత రోజున, పాత రాళ్ళ సంగతి చూసే శాఖ నుంచి ఒక అధికారి లారీ, క్రేను వెంటబెట్టుకుని వచ్చాడు. మంచివాడే. ఆరు నెలల ముందే అక్కడ 'ముట్టరాదు' అని నీలం బోర్డు పాతించాడు, ఎవరూ లెక్కచేయలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే ఇది ఉత్త బండ అవుతుందనీ, పట్నం మ్యూజియంలో పెడితే వెయ్యేళ్ళు ఉంటుందనీ ఓపికగా చెప్పాడు. తిమ్మప్ప వంశంలో మిగిలింది సుంకులమ్మ. ఏటా ఆ రాయి మీద మొదట నూరే కొడవలి ఆమెది. రాయి పోతే, ఊళ్ళో ఆ ఇంటికున్న ఒక్క గౌరవమూ దాంతోపాటే లారీ ఎక్కుతుంది.

"ముఖం చూడమ్మా. మీ చేతులతో మీరే చెరిపేశారు" అన్నాడు అధికారి.

"చెరిపితే యాడికి పోతాది సారూ? మా కొడవండ్లలో ఉండాది. కావాలంటే వాటిని గూడా ఎత్తకపో" అంది సుంకులమ్మ.

ఆయన నొచ్చుకోలేదు. ఆచారం కానివ్వండి, అందరూ నూరుకోవడం అయ్యాకే రాయిని కదిలిస్తానని ఊరి ముందు మాట ఇచ్చాడు.

సుంకులమ్మ నూరింది. ఆమె వెనక అరవై గడపల ఆడవాళ్ళు. నూరుకున్నవాళ్ళు చేలోకి పోయి, రెండు సాళ్ళు కోసి, పదును పోయిందంటూ తిరిగొచ్చి వరుస చివర నిలబడ్డారు. మామూలుగా అందరి ఒళ్ళోనూ ఒక సానరాయి ఉంటుంది. ఆ రోజు మాత్రం ఎవరి సానరాయీ ఎవరికీ కనబడలేదు. మధ్యాహ్నానికి క్రేను డ్రైవరు కూడా తన ఉల్లిపాయల కత్తి తెచ్చుకుని మధ్యలో దూరబోయాడు. గవర్నమెంటోళ్ళకు వేరే లైను లేదని చెప్పి ఒక ముసలమ్మ వాణ్ణి వెనక్కి పంపింది. వాడు బుద్ధిగా వెళ్ళి చివర నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా అధికారి వచ్చి, ఇంకెంత సేపని అడిగాడు.

"కోత అయ్యేదాంకా" అంది సుంకులమ్మ. "వాన రాకుంటే పద్దినాలు. మాటిచ్చినోడివి, కూర్చో."

ఆయన వరుసను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. తన బోర్డునూ చూశాడు. దాని కమ్మీకి అప్పటికే ఎవరో సద్దిమూటలు తగిలించారు. ఖాళీ లారీ, దాని వెనక క్రేను వెళ్ళిపోయాయి. మళ్ళీ రాలేదు.

"మరి ఆ రాయి ఇంకా అరిగిపోయి ఉంటుంది కదమ్మా?" అన్నాడు శ్రీకంఠయ్య.

అరిగిందనీ, ఇప్పుడు ఆ చెయ్యి కూడా సగమే కనబడుతుందనీ ఆమె చెప్పారు. ఆ రోజు తానూ వరుసలో ఉన్నాననీ, మూడుసార్లు నిలబడ్డాననీ చెప్పారు.

ఆయన నోటుపుస్తకం మూశాడు. అయితే పలక వద్దంటారా అని చివరికి అడిగాడు.

నాగలింగమ్మగారు చితికిన టమాటాను గిన్నెలోకి తోసి, కత్తి అంచును బొటనవేలితో తడిమి చూశారు.

"తెప్పించు. ఈ గడప పక్కనే వేయిద్దాం. పాలిష్ మాత్రం పట్టించొద్దు."