ఉప్పు ఉండగానే

ఎప్పటి మాటో! మా తాతల తాతలకు మీసాలు మొలవని నాటి మాట. ఊఁ కొడితే చెబుతా.

సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరందరికీ ఉప్పు మళ్ళే కూడు పెట్టేవి. అక్కడ కూర్మయ్య అని ఒకాయన పత్రిక నడిపేవాడు. రాసేదీ ఆయనే, అచ్చేసేదీ ఆయనే, ఇల్లిల్లూ తిరిగి పంచేదీ ఆయనే. ప్రతి ముక్కా మూడుసార్లు దిద్దేవాడు. అయినా అక్షరాలు ఏడిపించేవి. ఓసారి మునసబు గారింట పెళ్ళి కాస్తా పిల్లి అయి కూర్చుంది. ఊరంతా పడీ పడీ నవ్వింది. మర్నాటి పత్రికలో అన్నిటికన్నా పైన వేశాడు: "పొరపాటు మాది. జరిగింది పెళ్ళి." ఎప్పుడు తప్పు దొర్లినా అంతే. మర్నాటికల్లా, పొరపాటు మాది.

"ఇలాంటోడు కావాలర్రా మనకి!" అని జనం ఓట్లేసి ఆయన్ని రాజధానికి పంపారు.

అక్కడ ఊరి భూముల గురించి గుమాస్తా రాసిచ్చిన కాగితాన్ని సభలో గడగడా చదివేశాడు. మూడుసార్లు కాదు కదా, ముందు ఒక్కసారైనా చూసుకోలేదు. ఉప్పు మళ్ళు అని ఉండాల్సిన చోట ఉత్త మళ్ళు అని ఉంది. అలాగే చదివాడు. ఉత్తవే కదా అని సర్కారు వాటిని రేవు కట్టే షావుకారుకి రాసిచ్చేసింది.

ఉప్పు పండించే నూకాలు రాజధానికి పరుగున వచ్చింది.

"బాబూ, పొరపాటు మాది అను. ఆ ఒక్క మాటతో మా కూడు నిలబడతాది."

కూర్మయ్య లేవబోయాడు. పక్కనున్న మంత్రి చెయ్యి పట్టుకుని లాగాడు. "ఇప్పుడంటే పార్టీ పరువు గంగలో కలుస్తుందయ్యా. కాస్త ఆగు."

"రేపంటాలే నూకాలూ" అన్నాడు కూర్మయ్య.

మళ్ళీ వచ్చింది. రేపన్నాడు. మూడోసారీ వచ్చింది. రేపే అన్నాడు.

ఆ తర్వాత రాలేదు. అప్పటికే బళ్ళకొద్దీ మట్టి తోలి మళ్ళు పూడ్చేశారు.

అయ్యో, అప్పుడు కదిలింది కూర్మయ్య గుండె! పదవి వదిలేసి ఊరొచ్చాడు. మూలపడ్డ మిషను తుడిచి ఒకే ఒక్క ముక్క అచ్చేశాడు. మొదటి కాగితం నూకాలు చేతిలో పెట్టాడు.

"ఏటి రాసినావు బాబూ?"

"పొరపాటు మాది. అవి ఉప్పు మళ్ళు."

నూకాలు కళ్ళొత్తుకుంది. "మంచి మాటే బాబూ. ఉప్పు ఉండగానే అనుంటే ఎంత బాగుండును!"

ఆ మాట ఆయన్ని లోలోపల తినేసింది. ఏడు తిరక్కుండానే పోయాడు. మంచివాడే పాపం.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉప్పు కొనుక్కునే తింటారు. పొట్లం విప్పగానే కూర్మయ్య పేరు చెప్పి చిటికెడు గడప మీద వేస్తారు. ఆలుమగలు అలిగినా, అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నా, "ఉప్పు ఉండగానే అనెయ్యరా" అంటారు. వెంటనే అనేసేవాళ్ళూ ఉన్నారు.

నూకాలు మనవల మనవలు మాత్రం ఆ రేవులో ఇంకా మూటలు మోస్తూనే ఉన్నారు.